మూడో తరగతి గుమ్మం మీది గంట

హెడ్మాస్టరు గారి మాట ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది. "మీ పాపకు మేము న్యాయం చేయలేకపోతున్నాం డాక్టరు గారూ" అన్నారు ఫోన్లో. బడి నుంచి పొమ్మనడానికి ఇంత మర్యాదైన మాట ఎవడు కనిపెట్టాడో గానీ, వాడి నోట్లో పళ్లన్నీ మత్తు లేకుండా పీకాలనిపించింది ఆవిడకు. ఆవిడ పళ్ల డాక్టరు. తలుచుకుంటే పీకగలదు కూడా.

కూతురికి ఎనిమిదేళ్లు. ఇంట్లో అందరూ గువ్వ అంటారు. గువ్వకు ఆటిజం. మాటలు తక్కువ, లెక్కలు బాగా వచ్చు, అడక్కుండా పక్కవాళ్ల రబ్బరు కూడా ముట్టుకోదు. బడిలో ఆ పిల్లతో వచ్చిన చిక్కల్లా గంటతోనే. మూడో తరగతి గుమ్మానికి సరిగ్గా పైన పళ్లెమంత ఇనప గంట బిగించి ఉంది. పీరియడు మారినప్పుడల్లా కరెంటుతో మోగుతుంది. మోగడమంటే అలాంటిలాంటి మోగడం కాదు, కిటికీ ఊచలు వణకాల్సిందే. అది మోగగానే గువ్వ బెంచీ కిందికి దూరి కేకలు పెడుతుంది. మళ్లీ పైకి వచ్చేసరికి సగం పాఠం అయిపోతుంది.

"ఆ ఒక్క గంట తీసేయండి సార్. వరండాకి ఆ చివరొకటి, ఈ చివరొకటి ఉన్నాయి కదా" అని ఆవిడ మొదట్లోనే అడిగింది.

"ఒక్క పిల్ల కోసం బడి పద్ధతి మారిస్తే రేపు ఇంకో నలుగురొస్తారమ్మా."

"రానివ్వండి. వాళ్లకీ చెవులుంటాయి."

ఆ జవాబు ఆయనకు రుచించలేదు. అక్కణ్ణించి వ్యవహారం ముదిరి ముదిరి, టీసీకి దరఖాస్తు మేమే రాసి ఉంచాం, కమిటీ అధ్యక్షుల ముందు సంతకం పెట్టి వెళ్లండి, అనేదాకా వచ్చింది.

నిజానికి ఆవిడ దగ్గర ఒక ఆయుధం ఉంది. కిందటి నెల ఈ హెడ్మాస్టరే జ్ఞానదంతం నొప్పితో వచ్చి ఆవిడ కుర్చీలో వాలారు. మిషను తియ్యకముందే ఆవిడ మణికట్టు గట్టిగా పట్టుకుని, "చెప్పి మొదలుపెట్టండమ్మా. ఆ చప్పుడంటేనే నాకు పై ప్రాణాలు పైనే పోతాయి" అన్నారు. ఆవిడ నవ్వలేదు. అందరికీ చేసినట్టే ఆయన భుజం మీద రెండుసార్లు తట్టి, కాస్త ఆగి, అప్పుడు మిషను వేసింది. పని కాగానే "అయిపోయింది" అంది.

ఆ తట్టడం గువ్వ కోసం పుట్టిందే. ఇంట్లో మిక్సీ వేయాలన్నా, గోడకు మేకు కొట్టాలన్నా ముందు గువ్వ భుజం రెండుసార్లు తడతారు. పిల్ల చెవులు మూసుకుని నిమ్మళంగా కూర్చుంటుంది. చెప్పి వచ్చే చప్పుడును ఓర్చుకుంటుంది, చెప్పాపెట్టకుండా మీద పడేదాన్నే ఓర్చుకోలేదు. అచ్చం హెడ్మాస్టరు గారి లాగే. ఆ సంగతి నలుగురిలో అంటే ఆయన తల ఎత్తలేరు. కానీ కుర్చీలో అన్న మాట కుర్చీ దగ్గరే ఉండాలి. అందుకే ఆవిడ ఇంట్లో కూడా చెప్పలేదు, నాలుక చివరికి వచ్చిన ప్రతిసారీ మింగేసింది.

"సంతకం పెట్టేస్తావా ఏంటమ్మాయ్?" అన్నారు అత్తగారు.

"పెట్టను అత్తయ్యా. మీరూ రండి."

"రాకేం! వాళ్లకు అది తలనొప్పేమో, నాకు మనవరాలు" అంటూ అత్తగారు అప్పుడే చెప్పులు వెతుక్కున్నారు.

హెడ్మాస్టరు గది మేడ మీద, రెండు తలుపుల వెనక ఉంటుంది. గంట అక్కడికి పక్కింటి ఫోను మోగినట్టు వినిపిస్తుంది. ఇన్ని మీటింగులూ అక్కడే జరిగాయి. ఈసారి మాత్రం మూడో తరగతి గదిలో కూర్చుందామని పళ్ల డాక్టరు అడిగింది. పాప చదివిన గది కడసారి చూసుకోవాలనుకుంటోంది పాపం, తల్లి మనసు, అనుకుని ఆయన సరేనన్నారు. తల్లి మనసే. కాకపోతే ఆయన అనుకున్న రకం కాదు.

మిగతా పిల్లలు ఆటలకు పోయారు, గువ్వ తల్లి పక్కనే ఉంది. చిన్న బెంచీల్లో పెద్దవాళ్లు మోకాళ్లు గడ్డానికి తగిలేలా ఇరుక్కున్నారు. టీసీ దరఖాస్తు మధ్యలో పెట్టారు. కలప డిపో నడిపే కమిటీ అధ్యక్షుడు టీ గ్లాసు పుచ్చుకుని హితబోధ మొదలుపెట్టాడు.

"మా డిపోలో రంపం పొద్దస్తమానం కోస్తూనే ఉంటుందమ్మా. మా పిల్లలు దాని పక్కనే నిద్రపోయేవాళ్లు. అలవాటు చేస్తే అన్నీ అలవాటవుతాయి. పిల్లల్ని మరీ అంత సుకుమారంగా..."

పళ్ల డాక్టరు గోడ గడియారం చూసి, గువ్వ భుజం మీద రెండుసార్లు తట్టింది. గువ్వ అరచేతులతో చెవులు మూసుకుంది.

గంట మోగింది.

అధ్యక్షుడు కూర్చున్నచోటే ఎగిరిపడ్డాడు. టీ సగం చొక్కా మీద, సగం దరఖాస్తు మీద. హెడ్మాస్టరు రెండు చేతులతో బెంచీ అంచు పట్టుకుని కళ్లు గట్టిగా మూసుకున్నారు. "అమ్మో నా గుండె!" అన్నారు అత్తగారు. ముందే తెలిసినా పళ్ల డాక్టరుకే ఒళ్లు జల్లుమంది. కదలని వాళ్లు ఇద్దరే. ఒకరు గువ్వ. రెండోవారు, గువ్వ కేకలతో పాఠం సాగడం లేదని రాసిచ్చిన క్లాసు టీచరు.

"టీచర్ గారూ, చెవిలో ఏంటండీ అది?" అంది పళ్ల డాక్టరు.

టీచరు చెయ్యి చెవి మీదికి పోయింది. దాచడానికి ఆలస్యమైపోయింది. "దూదండీ" అంది చిన్నగా. "ఈ క్లాసు ఇచ్చినప్పటి నుంచీ పెట్టుకుంటున్నా. లేకపోతే సాయంత్రానికి తల పగిలిపోతుంది."

"మరి గంట తీయమని మీరెందుకు అడగలేదు?"

"అడిగితే ఏమంటారోనని."

పళ్ల డాక్టరుకు ముందు జాలి వేసింది, దాని వెనకే ఒళ్లు మండిపోయింది. పెద్దామె దూది పెట్టుకుంటే ఎవరికీ తెలియలేదు. దూది పెట్టుకోవాలని తెలియని పిల్ల అరిస్తే బడిలోంచి పొమ్మన్నారు.

హెడ్మాస్టరు గొంతు సవరించుకున్నారు. "సరే, ఈ విషయం వచ్చే మీటింగులో..."

"ఇక్కడే తేల్చండి సార్. ఇప్పుడు ఇంటర్వెల్ గంటే కదా కొట్టింది, అయ్యాక ఇంకోటి కొడతారు. అదీ విని వెళ్తాం."

"మళ్లీ మోగుతుందా!" అన్నాడు అధ్యక్షుడు, చొక్కా దులుపుకుంటూ. "తీసేయరాదూ మాస్టారూ, పీడా పోతుంది."

"రూల్స్ అంటూ ఉంటాయి కదండీ" అన్నారు హెడ్మాస్టరు, ఇంకా మెత్తగానే.

"మీరు నా బిడ్డను మార్చమంటున్నారు, నేను గంటను మార్చమంటున్నాను" అంది ఆవిడ. "రెండింటిలో మరమేకులతో బిగించింది ఏది సార్? నేను సంతకం పెట్టను. ఇవాళే కాదు, ఎన్నిసార్లు పిలిచినా పెట్టను."

"స్క్రూడ్రైవరు లేకపోతే చెప్పు నాయనా, మా ఇంట్లో ఉంది" అంటూ అత్తగారు, తడిసిన దరఖాస్తు తీసుకుని దానితోనే బెంచీ మీది టీ శుభ్రంగా తుడిచేశారు.

ఇంటర్వెల్ అయిపోవచ్చింది. గువ్వ గడియారాన్నే చూస్తోంది. ఉన్నట్టుండి లేచి హెడ్మాస్టరు దగ్గరికి వెళ్లి, ఆయన భుజం మీద రెండుసార్లు తట్టింది. తట్టి, తన చెవులు మూసుకుని ఆయన పక్కనే నిలబడింది.

ఆయనకు ఆ తట్టడం తెలుసు. ఠక్కున తలెత్తి పళ్ల డాక్టరు వైపు చూశారు. చెప్పేసిందా అని ఆ చూపు. ఆవిడ చెప్పలేదు, చెప్పబోవడమూ లేదు. ఆ సంగతి ఆవిడ ముఖంలోనే ఆయనకు కనిపించింది.

"ఆగు!" అని ఆయన గుమ్మం వైపు కేకేశారు. వరండాలో స్విచ్చి మీద చెయ్యి పెట్టబోతున్న అటెండరు ఉలిక్కిపడ్డాడు. "ముందు ఈ గది గంట వైరు పీకెయ్!"

"ఇవాల్టికా సార్?"

హెడ్మాస్టరు గువ్వను చూశారు. అరచేతులు చెవులకు ఆనించి పిల్ల ఇంకా ఓపిగ్గా ఎదురుచూస్తోంది.

"ఎప్పటికీ" అన్నారు.

అటెండరు స్టూలెక్కి వైరు పీకి, దిగి స్విచ్చి వేశాడు. వరండా చివర్ల గంటలు ఎక్కడో దూరంగా మోగి ఆగిపోయాయి. గువ్వ చేతులు దించింది. హెడ్మాస్టరు చేతులు మాత్రం ఎప్పుడు వెళ్లాయో ఆయన చెవుల మీదే ఉండిపోయాయి. గువ్వ వాటిని పట్టుకుని మెల్లగా కిందికి దింపింది.

"అయిపోయింది" అంది.

పిల్లలు గోలగా లోపలికి వస్తున్నారు. పళ్ల డాక్టరు కూతురి సంచి తీసి ఆ పిల్ల బెంచీ మీద పెట్టింది.