నలభై పచ్చదీపాలు

ఆ శనివారం పొద్దున ఆకాశం నానబెట్టి ఉతకడం మరిచిన గుడ్డలా ఉంది. వాన రాదు, ఎండ కాయదు.

పరీక్షా కేంద్రంలో కంప్యూటర్లు చూసుకునే మనిషి కింది గదిలో కూర్చుని, నల్లటి తెర మీద ఒక వరుస ఆదేశం కొట్టాడు. పైఅంతస్తులో నలభై కంప్యూటర్లు. ఆ ఒక్క వరుస కేబుళ్ల వెంట వెళ్లి నలభైంటినీ నిద్ర లేపాలి. మిగతా రోజుల్లో లేపుతోంది, శనివారాలే లేపడం లేదు. ఎంటర్ నొక్కాడు. ఒక్కటీ పలకలేదు.

ఇది మూడో శనివారం. "ఇంకోసారి పరీక్ష ఆలస్యమైతే నీ మంత్రాలు ఇంట్లో కూర్చుని చదువుకో" అని పెద్దసారు పోయిన వారమే అందరి ముందూ అన్నాడు. ఆ మాటకి ఆదివారం సెలవు మానుకుని కేబుళ్లన్నీ పీకి చూసుకున్నాడు. తప్పు దొరకలేదు.

మెట్లెక్కి పైకి పరిగెత్తాడు. కంప్యూటర్లు ఆపినా వెనక వెలుగుతూ ఉండాల్సిన పచ్చదీపాలు నలభైకి నలభై ఆరిపోయి ఉన్నాయి. పోయిన రెండుసార్లూ తను పైకొచ్చేసరికి వెలుగుతూనే ఉన్నాయి. గోడ మీది మెయిన్ స్విచ్చి పక్కన వాచ్‌మన్ తాళాలగుత్తితో నిలబడి ఉన్నాడు. పిల్లనిచ్చిన మామే. మూడు వారాలుగా శుక్రవారం రాత్రి కాపలా ఆయనది.

"మెయిన్ ఎవరు కట్టేశారు మామా?"

"నేనే. మనుషుల్లేని గదిలో దీపాలెందుకు అల్లుడూ, దండగ. తెల్లారి వేసేస్తాను, ఇవాళ ఆలస్యమైంది."

"నిద్రపోయినా వాటికి ఒక చెవి తెరిచి ఉండాలని చెప్పాను గదా."

"ఆ చెవిని కూడా పడుకోబెట్టాను."

అల్లుడు ఆయన ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "రెండు వారాలు పెద్దసారు నన్ను కడిగేస్తుంటే మీరు పక్కనే నిలబడి విన్నారు."

మామ తాళాలు వేళ్లతో తిప్పాడు. "రెండోసారికి అనుమానం వచ్చింది. అనుమానమే గదా అని రాత్రి మళ్లీ కట్టేశాను. నేనే అడిగి నీకిప్పించిన ఉద్యోగం నా చేత్తోనే ఊడగొడుతున్నానని ఎట్లా చెప్పను?"

అల్లుడు మెయిన్ వేశాడు. కరెంటు పూర్తిగా తీసేస్తే ఆ కంప్యూటర్లు పిలుపు వినడం మానేస్తాయి, ఒకసారి చేత్తో లేపాలి. ఒక్కొక్కటీ నొక్కుకుంటూ పోయాడు. మామ కూడా చెయ్యి చాపాడు.

"ముట్టుకోకండి."

పరీక్ష మొదలవ్వాల్సిన తొమ్మిది దాటాక పెద్దసారు వచ్చాడు. "ఈసారి ఎవరి నిర్వాకం?"

మామ నేల చూశాడు. అల్లుడు మామనే చూస్తూ చెప్పాడు. "మా మామ మెయిన్ కట్టేశాడు సార్. మూడు శుక్రవారాలూ."

"పెద్దాయనా, ఇక గేటు దగ్గర కూర్చో. పై తాళాలు అల్లుడికివ్వు."

మధ్యాహ్నం ఇద్దరికీ క్యారియర్ ఒక్కటే. ఇంట్లో అట్లాగే కట్టిస్తారు. ఎప్పటిలాగే మామ గిన్నెలు విడదీశాడు, అల్లుడు మూతలో అన్నం పెట్టుకున్నాడు. తాళాలగుత్తి బల్ల మీద ఇద్దరి మధ్యా పడి ఉంది. కూరలో ఉప్పు లేదు. ఆ సంగతి కూడా ఎవరూ అనలేదు.