లెక్కల పోస్టులో ఎవరున్నారు

నా పోస్టు మింగింది మీరే. రాజధానిలో నియామకాల ఆఫీసులో కుర్చీలు అరగదీస్తున్న మీరు. సముద్రం అవతలి దేశం నుంచి సర్కారు ఖర్చుతో వాలంటీర్లను పంపే సంస్థవారు, మీరు. హా త్సిలో హైస్కూలు హెడ్‌మాస్టరు సెహ్లబాకా గారూ, మీరు కూడా. ముగ్గురూ కలిసి మింగి, మూతి తుడుచుకుని, "పాపం, ఆ కొండల్లో లెక్కల టీచరే లేరు" అన్నారు. మరి నేనెవరిని?

ఇది అసూయ అంటారు. అవును, అసూయే. రెండేళ్ళుగా కడుపులో రగులుతోంది. దాన్ని దాచి మర్యాదగా రాయడం నాకు చేతకాదు.

పాత లెక్కల మాస్టారు రిటైరైనప్పుడు ఆ పీరియడ్లు నేనే తీసుకున్నాను. దూరవిద్యలో చదివి డిప్లొమా తెచ్చుకున్నాను, పోస్టింగు మాత్రం రాలేదు. మూడేళ్ళు జీతం లేకుండా చెప్పాను. పిల్లల తల్లిదండ్రులు తలా కాస్త మొక్కజొన్న తెచ్చి మా ఇంట్లో పోసేవాళ్ళు. పోస్టు ఇవ్వండని పెట్టిన అర్జీలకి జవాబు లేదు. అప్పుడు సెహ్లబాకా గారికి ఎక్కడో వాలంటీరును పంపమని అడిగే దరఖాస్తు కాగితం దొరికింది. ఆయన చేతిరాత కోడి గెలికినట్టుంటుంది. అందుకే అది నింపడానికి నన్ను పిలిచారు.

ఆ కాగితంలో ఒక ప్రశ్న ఉంది: ఈ పని చేయగల స్థానికులు ఎవరైనా ఉన్నారా? స్థానికుల పని లాక్కోకూడదని ఆ సంస్థకి నియమం. ఉన్నారని రాస్తే మనిషిని పంపరు.

"లేరు అని రాయి" అన్నారు.

"న్తాతే, నేనున్నానుగా?" అన్నాను. న్తాతే అంటే మాకు తండ్రి. పెద్దవాళ్ళనందరినీ అలాగే పిలుస్తాం.

"నువ్వు బడిలో ఉన్నావమ్మా. సర్కారు రిజిస్టర్లో ఉన్నావా?"

"లేను."

"మరింకేం? వాలంటీరు వస్తే బడికి పేరొస్తుంది, పేరొస్తే నీ పోస్టు దానంతటదే నడిచొస్తుంది. వచ్చినవాళ్ళకి తోడు టీచరుగా నీ పేరే రాద్దాం."

నా పెన్నుతో, నా అందమైన చేతిరాతతో, "లేరు" అని రాశాను. రాసి, గీత సరిగ్గా వచ్చిందా లేదా అని కూడా చూసుకున్నాను. అంత తెలివితక్కువదాన్ని.

తర్వాత సంస్థ తరఫున మే రెఫిలువె తెల్లబండిలో వచ్చింది. ఆమెదీ మా దేశమే. మే అంటే అమ్మ. వాలంటీరు ఉండబోయే ఇల్లు చూడాలంది. విడిగా ఒక గుడిసె, లోపలా బయటా తాళం, కిటికీకి ఇనుప చువ్వలు, సొంత మరుగుదొడ్డి, అదే వాకిట్లో తల్లిలా చూసుకునే మనిషి. ఊరంతా తిరిగి మా వాకిట్లో ఆగింది. మాకు రెండు గుడిసెలున్నాయి. ఒకటి అమ్మది, ఒకటి నాది. నాదే కొత్తది.

"ఇది బాగుంది. ఇందులో ఎవరుంటున్నారు?"

"ఎవరూ లేరు" అంది మా అమ్మ.

నేను పక్కనే నిలబడి ఉన్నాను. నా చెప్పులు గుమ్మంలోనే ఉన్నాయి.

వాలంటీరు పిల్ల వచ్చిన రోజున, నాలుగు నెలల ఎండ తర్వాత వాన పడింది. ఆడవాళ్ళు సంబరంగా నాలుకలు ఆడించి కేకలేశారు. పరాయివాళ్ళకి మన పేరు పెట్టడం మా అలవాటు. వానలో వచ్చింది కాబట్టి పులెంగ్ అన్నారు. ఊళ్ళో ఒక పెళ్ళిలో పులెంగ్ "పాపా బాగుంది" అని మన భాషలో వంకరగా అంటే పెళ్ళిజనమంతా చప్పట్లు. ఆ పాపా, ఆ మొక్కజొన్న ముద్ద, వండింది నేను. నేను పుట్టినప్పటి నుంచీ ఈ భాషే మాట్లాడుతున్నాను. ఎవడూ చప్పట్లు కొట్టలేదు. గొర్రె కోస్తే పులెంగ్ గిన్నెలో కండ, నా గిన్నెలో ఎముక. మా ఆడవాళ్ళు దానికి మేం బట్టల మీద కప్పుకునే దుప్పటి కప్పి, భుజం దగ్గర పిన్ను ఎలా పెట్టాలో నేర్పి, "అచ్చం మన పిల్లే!" అని మురిశారు. నన్ను చూసి ఎవరు మురిశారు?

పాఠం చెడ్డగా చెప్తే నా కడుపు చల్లబడేది. బాగా చెప్పింది. గోడ మీద గీతలు గీసి, తాళ్ళు కట్టి, పిల్లల్ని నవ్విస్తూ చెప్పింది. నేను వెనకబెంచీలో కూర్చుని, అర్థం కానివాళ్ళకి మన భాషలో మళ్ళీ చెప్పేదాన్ని. మూణ్ణెల్లకోసారి దాని రిపోర్టు మీద సంతకం చేసేదాన్ని. తోడు టీచరు సంతకం లేకపోతే సంస్థ ఏ కాగితమూ తీసుకోదు. అది "థాంక్యూ అవుసీ" అని నవ్వేది. అవుసీ అంటే అక్క.

అవన్నీ ఓర్చుకున్నాను. కుళాయి దగ్గర జరిగింది ఓర్చుకోలేకపోయాను.

మాలో ఆడదానికి తొలిబిడ్డ పేరే పేరవుతుంది. నేను ఖౌహెలో. నేను పుట్టాక మా అమ్మ మాఖౌహెలో, అంటే ఖౌహెలో తల్లి, అయింది. ముప్ఫై నాలుగేళ్ళుగా ఊరంతా అదే పిలుపు. ఆ రోజు పక్కింటి ముసలామె, "మాపులెంగ్! నీ బకెట్ పొర్లిపోతోంది!" అని అరిచింది.

"ఆఁ, వస్తున్నా!" అంది మా అమ్మ.

పలికింది! వెనక్కి తిరిగి మరీ పలికింది.

ఇంటికొచ్చాక అడిగాను. "ఇప్పుడు నీ పేరు అదా?"

"నవ్వులాటకి అంటారే. ఆ పిల్లకి ఇక్కడెవరున్నారు?"

"నాకెవరున్నారు?"

"నేను లేనూ?"

"నువ్వు మాపులెంగ్‌వి కదా."

"నోర్మూసుకుని పొయ్యిలో పిడక పెట్టు. దానికి స్నానానికి నీళ్ళు కాగాలి."

మర్నాడే బస్సెక్కి రాజధాని వెళ్ళాను. నియామకాల ఆఫీసు గుమాస్తా రిజిస్టరు తిప్పాడు.

"హా త్సిలో, లెక్కలు. పోస్టు నిండింది."

"ఎవరితో?"

"వాలంటీరుతో."

"ఆ పిల్లకి గడువు రెండేళ్ళు. ఈ ఏడాదితో పోతుంది!"

"ఆమె పోతే ఇంకొకామె. మీ హెడ్‌మాస్టరు ముందే చెప్పి ఉంచారు. ఊరికే మనిషి దొరుకుతుంటే మేమెందుకు జీతం ఇస్తాం? అరవకు అవుసీ, అవతల మా పై ఆఫీసరు ఫోన్లో ఉంది."

ఊరికే మనిషి! ఎక్కణ్ణుంచో ఊరికే వచ్చిన మనిషి పోస్టు నింపుతుంది. మూడేళ్ళు ఊరికే చెప్పిన నేను నింపలేదు.

తిరిగొచ్చిన వారానికి సెహ్లబాకా గారు పిలిచారు. బల్ల మీద కొత్త కాగితం. ఎదురుగా టీ తాగుతూ పులెంగ్. అదింకో ఏడాది ఉంటానందట. దానికి మళ్ళీ అవే ప్రశ్నలు, కింద మూడు సంతకాలు: హెడ్‌మాస్టరుది, వాలంటీరుది, తోడు టీచరుగా నాది.

"రా అమ్మా, నీ చేతిరాత ముత్యాలు కదా."

కూర్చున్నాను. ఆ ప్రశ్న దగ్గరికి రాగానే రాశాను: "ఉన్నారు. ఖౌహెలో మొఖెలె. ఐదేళ్ళుగా ఈ బడిలోనే ఉంది."

పులెంగ్ వంగి చదివింది. "అవుసీ, నాకంటే ముందు ఇక్కడ లెక్కలు చెప్పింది నువ్వా?"

"రెండేళ్ళు నా గుడిసెలో పడుకున్నావు. ఒక్కసారైనా అడిగావా?"

"ఎవరూ లేరని కాగితంలో ఉంది. అది చదివే వచ్చాను."

"ఆ కాగితం రాసింది నేనే."

దాని మొహం ఎర్రబడింది. "ఎందుకు రాశావు?"

"రాయమన్నారు. రాశాను."

"చింపెయ్ అది!" సెహ్లబాకా గారు లేచారు. "ఇలా పంపితే ఆమెని వచ్చేవారమే వెనక్కి పిలిపిస్తారు. పిల్లలకి లెక్కలు ఎవడు చెప్తాడు?"

"ఈమెకి ముందు ఎవరు చెప్పారు న్తాతే?"

పులెంగ్ ఏడ్చింది. "ఉంటానని అమ్మకి చెప్పాను" అంది.

"మా అమ్మకి" అన్నాను. అది ఏడుస్తుంటే నాకు సంతోషమైంది. దాచను.

ఆయన ఇంకో కాగితం తీసి, తన కోడిగెలుకుడు రాతతోనే "లేరు" అని రాసి సంతకం చేశారు. పులెంగ్ పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చుంది. చివరికి అదీ సంతకం చేసింది. మంచి పిల్లే. అయినా చేసింది. మూడో సంతకం గీత చూపించి కాగితం నా వైపు జరిపారు. నేను రెండు కాగితాలూ మడిచి, జాకెట్టులో పెట్టుకుని బయటికొచ్చాను.

ఇంట్లో అమ్మకి అప్పటికే తెలిసింది. "ఆ పిల్లని తరిమేస్తావా? నీకేం తక్కువ చేశానే?"

"నన్ను లేనన్నావు."

అమ్మ లేచి పులెంగ్ గుడిసెలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. అప్పటి నుంచి నాతో మాట్లాడటం లేదు. మాట్లాడకపోతే మానె. సంతకం మాత్రం పెట్టను.

ఇక మీతో. ఆఫీసువారూ, హా త్సిలో లెక్కల పోస్టులో నన్ను వేస్తూ ఉత్తర్వు పంపండి. కొత్త సంవత్సరం బడి తెరిచేలోగా పంపండి. సంస్థవారూ, ఊళ్ళో మనిషి ఉందా అని కాగితాన్ని అడగడం మానండి. బండి దిగి తరగతి గదిలోకి వచ్చి పిల్లల్ని అడగండి. హెడ్‌మాస్టరు గారూ, మీరు రాసిన అబద్ధాన్ని ఊరి సభలో మీ నోటితోనే చదవండి. ఆ తర్వాత పులెంగ్ ఉంటానంటే ఉండనివ్వండి, వెనకబెంచీ చూపిస్తాను. ముందు నా ఉత్తర్వు ఇవ్వండి.