అత్తగారు తెచ్చిన బరువు

యుద్ధం ఆగిందన్నారు గానీ ప్రథమ చికిత్స కేంద్రానికి వచ్చే జనం తగ్గలేదు. సగం కూలిన బడిలో మిగిలిన ఒక్క గదే ఆ కేంద్రం. పొద్దున్నే ఒకాయన విరిగిన కాలికి నర్సు కట్టు కడుతుంటే, ఆమె అత్తగారు సంచీ ఒకటి పొట్టకి అదుముకుని ఆయాసపడుతూ వచ్చింది. బాంబుల మోతకి ఆవిడ చెవులు పోయాయి. అందుకే ఏది మాట్లాడినా అరిచినట్టే ఉంటుంది.

“అమ్మాయ్! గాలికి తలుపు కొట్టుకుంటోందని రోజూ సణుగుతావుగా. అడ్డం పెట్టుకోడానికి మంచి బరువు తెచ్చా. కూలిన గోడ కింద దొరికింది. తీస్తుంటే వేలు కూడా తెగింది!”

సంచీ మూతి తెరిచి చూపించింది. నర్సు తొంగి చూసింది. తుప్పు పట్టిన ఇనుము, తోక దగ్గర రెక్కలు. పేలని బాంబు! అలాంటిది కనబడితే ముట్టుకోకుండా దూరంగా పొమ్మని సైనికులు వచ్చి మరీ చెప్పారు. ముట్టుకున్నాక ఏం చెయ్యాలో మాత్రం చెప్పలేదు.

అరిచి చెబుదామంటే ఆవిడకి వినబడదు. లాక్కుంటే బెదిరిపోతుంది. నర్సు, పక్కన మందులు సర్దుతున్న కాంపౌండరు వైపు తిరిగి మెల్లగా, “అన్నా, అందర్నీ బయటికి తీసుకెళ్ళు. పరిగెత్తొద్దు. సైనికులకి కబురు పెట్టు” అంది. అతను కాలు విరిగినాయన్ని భుజాన వేసుకున్నాడు.

అత్తగారి చేతులు ఎప్పుడూ వణుకుతూనే ఉంటాయి. ఇవాళ ఆ వణుకు చూస్తుంటే నర్సుకి పైప్రాణాలు పైనే పోతున్నాయి. ఆ చేతుల కింద తన చేతులు పెట్టి, రోగుల కోసం నేల మీద పరిచిన పరుపు వైపు కళ్ళతో చూపించింది.

“అక్కడెందుకే? తలుపు దగ్గర కదా!” అని కసురుకుంది అత్తగారు.

నర్సు లేని నవ్వు తెచ్చుకుంది. ఇద్దరూ ఒంగి, నిద్రపోయే పసిపిల్లని దించినట్టు దాన్ని పరుపు మీద దించారు. వెంటనే నర్సు ఆవిడ రెక్క పట్టుకుని బయటికి నడిపించింది.

వీధి మలుపు దాటాక చేతులు విప్పి, పేలినట్టు సైగ చేసి చూపించింది. అత్తగారు మెట్టు మీద కూలబడింది.

“నా మతి మండా! మరి రెండోదో? పక్కింటామె పట్టుకుపోయిందే, ఇంటి మీద కప్పిన పట్టా ఎగిరిపోకుండా పెడతానని!”

నర్సు పరుగు లంకించుకుంది. పక్కింటామె ఆ పట్టా కిందే కూర్చుని పొయ్యి ఊదుతోంది. సరిగ్గా ఆమె నడినెత్తి మీద ఉంది బాంబు. నర్సు వంగి దూరి, ఆమె చెయ్యి పట్టుకుని వీధిలోకి ఈడ్చింది.

“అదేంటమ్మా, కూర మాడిపోతుంది!”

“మాడనీ అక్కా! ముందు నడువు!”

సైనికులు వచ్చి రెండింటినీ జాగ్రత్తగా తీసుకెళ్ళి ఊరి బయట పేల్చేశారు. ఆ చప్పుడు అత్తగారికి వినబడలేదు గానీ, కాళ్ళ కింద నేల అదిరేసరికి కోడల్ని కరుచుకుపోయింది.

“అయిపోయింది అత్తయ్యా” అంటూ నర్సు ఆవిడ వీపు నిమిరింది. అయిపోయిందని తెలుసు. అయినా ఆ పూటంతా ఏ ఇనప ముక్క కనబడినా ఆమె ఆగి, తోక దగ్గర రెక్కలున్నాయేమోనని చూసుకుంటూనే ఉంది.