మా వదిన అడిగిన పేరు

"పేరు చెప్పకుండనే గడప దాటినవట గదనే! నేను లేనని దొంగలెక్క లోపలికి పోయినవా?"

ఖమ్మం ఆసుపత్రిలో, చేతికి సెలైన్‌తో, మా వదిన ప్రమీలారాణి నన్ను పలకరించిన తీరు ఇది. వదినంటే మా ఆయనకు అక్క. కొత్త జంటను గుమ్మంలో ఆపి, ఒకరి పేరు ఒకరితో చెప్పించాకే లోపలికి పంపడం ఆడబిడ్డ హక్కు. మా పెళ్లిరోజున ఆ హక్కుదారు ఇక్కడ మంచం మీద ఉంది. తను ఉండే దుమ్ముగూడెంలో జ్వరమంటే మలేరియానే కాబట్టి వారాల తరబడి ఆ మాత్రలే మింగింది. తీరా చూస్తే ఇన్ఫెక్షన్ గుండె కవాటాన్ని తినేసింది.

"మందులతో ఆగేది కాదు. పాడైన కవాటం తీసి కొత్తది పెట్టాలి, ఆలస్యమైతే ప్రాణానికే ముప్పు," అన్నారు డాక్టరమ్మ.

వదిన ఒప్పుకోవడం లేదు. "గుండెను ఆపి కోస్తరట. ఆపినంక మళ్ల నడవకుంటే?"

మా ఆయన బతిమాలి బతిమాలి, కళ్లు తుడుచుకోవడానికి బయటికి వెళ్లారు. వెనకనుంచి చూసినా ఎంత బాగుంటారో! సమయం కాదని తెలుసు, అయినా చూశాను.

"వాని దిక్కే చూస్తున్నవ్. ఇప్పుడన్న చెప్పు పేరు," అంది వదిన.

"చెప్ప. ఇంత నీరసంగ అడిగితే ఎవరు చెప్తరు? ఆపరేషన్ అయినంక దబాయించి అడుగు."

"బతికి రాకపోతే?"

నా నవ్వు ఆగిపోయింది. ఆమె చెయ్యి పట్టుకున్నాను. "రాకపోతే ఆ పేరు ఎవ్వరికీ చెప్ప. నీ తమ్ముణ్ని జిందగీ అంతా ‘ఏమయ్యో’ అనే పిలుస్త. నాకున్న ఆడబిడ్డవు నువ్వొక్కదానివే వదినా. ఇంకెవరు అడుగుతరు?"

ఆమె నా చెంప మీద చిన్నగా ఒక్కటి వేసింది. "మొండిదానివే. వానికి నీ అసొంటిదే కావాలె. పిలువు డాక్టరమ్మను."

ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ మేమిద్దరం క్యాంటీన్‌లో ఒకే టీ కప్పు పట్టుకుని కూర్చున్నాం. అది చల్లారినా ఎవరమూ వదల్లేదు.

వార్డుకు మార్చిన రోజే వదిన మమ్మల్ని మంచం పక్కన నిలబెట్టింది. వార్డంతా మావైపే చూస్తోంది.

"నేనూ, మా ఆయన జయప్రకాశూ వచ్చినం," అన్నాను, నేలకేసి చూస్తూ.

"వినపళ్లే."

మళ్లీ చెప్పాను. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. వదిన నన్ను దగ్గరికి వంగమంది. లోపల కొత్త లోహపు కవాటం టిక్కు టిక్కుమంటోంది.

"విన్నవా? నీకన్న ఇదే నయం. సిగ్గులేకుంట మాట్లాడుతాంది. అబ్బ, నవ్వియ్యకే, కుట్లు లాగుతానయ్. ఇగ నువ్వు చెప్పురా తమ్ముడూ!"

ఆయన నోరు తెరిచేలోగా పక్క మంచం మీది పెద్దమ్మ లేచి కూర్చుంది.

"ఇటు తిరిగి చెప్పు బిడ్డా, మాకు గూడ వినపడాలె!"