వద్దనే చెప్పాను

మా మరిది నితీశ్‌కు నేను ఎడ్డెమంటే తెడ్డెం. ఇది నిన్న మొన్నటి సంగతి కాదు. వాడి పెళ్లినాడు మబ్బు పట్టింది, పందిరి మీద టార్పాలిన్ కప్పించమని నేనన్నాను. చెప్పింది వదిన కాబట్టి కప్పించలేదు. మంగళాష్టకాలు సగంలో ఉండగా వాన దంచి కొట్టింది. పెళ్లికొడుకు తలపాగా రంగు కారి, మొహమంతా గులాబీ అయిపోయింది. అయినా వాడికి బుద్ధి రాలేదు. కుక్క తోక వంకర అని ఊరికే అనలేదు పెద్దలు. ఆ వంకర ఒకరోజు నాకే పనికొస్తుందని మాత్రం అప్పుడు నేననుకోలేదు.

నాందేడ్‌లో, వజీరాబాద్ సందులో, మాకొక కంప్యూటర్ ఎంబ్రాయిడరీ దుకాణం ఉండేది. మిషిన్ కొన్నది నా భర్త మారోతి. డిజైన్లు గీసింది నేను. పెళ్లి జాకెట్టు వీపు మీద నెమలి, చేతుల మీద తీగ, అంచున గింజల వరుస. దెగ్లూర్ నుంచి, ధర్మాబాద్ నుంచి ఆడవాళ్లు సర్కారు ఎస్టీ బస్సుల్లో వచ్చి రూపాలి నెమలే కావాలని అడిగేవాళ్లు. దుకాణం మీద ‘రూపాలి మారోతి ఎంబ్రాయిడరీ’ అని బోర్డు. ఇక్కడి పద్ధతి అదే కదా, ఆడదాని పేరు వెనకాలే మగని పేరు వస్తుంది.

మారోతి గుండె ఆగి పోయాడు. నా కన్నీళ్లు ఇంకా ఆరకముందే గల్లాపెట్టె నితీశ్ చేతికి పోయింది. ఆ తర్వాత బోర్డు పోయింది. కొత్త బోర్డు మీద ‘శుభాంగి ఎంబ్రాయిడరీ’ అని వాడి పెళ్లాం పేరు వెలిగింది. ఆ పిల్లకు సూదిలో దారం ఎక్కించడం కూడా చేతకాదు. ఆమెను నేనేమీ అనను, పేరు పెట్టమని ఆమె అడగలేదు. కానీ నేను ఊరుకోలేదు. డిజైన్లు నావి, నా పేరు ఎందుకు తీశారని అందరి ముందూ అడిగాను. నితీశ్ నోరు తెరవకముందే మా అత్త రుక్మాబాయి జవాబు చెప్పింది.

“నీదేమున్నదే అండ్ల? మిషిన్ కుడుతది.”

ఆ మాటకు నాకు అన్నం సహించలేదు. బట్టలు సర్దుకుని ఊళ్లోనే ఇత్వారాలో ఒక గది కిరాయికి తీసుకున్నాను. చేత్తో ఆరీ పని చేసుకుంటూ, కొక్కెపు సూదితో పూసలు కుట్టుకుంటూ బతికాను. పూస గుచ్చినప్పుడల్లా ఒకటే కోరుకున్నాను. ఆ బోర్డు మళ్లీ పైకెక్కాలి. వాళ్లు బతికుండగా, వాళ్ల కళ్ల ముందే ఎక్కాలి.

దీపావళి పోయాక కంప్యూటర్లు బాగుచేసే సుభాష్ మా గదికి వచ్చాడు. మారోతి ఉన్నప్పటి నుంచీ దుకాణం కంప్యూటర్ చూసేది అతనే. పాత విండోస్‌కు ఇక రక్షణ అప్‌డేట్లు రావట, తెర మీద రోజూ ఆ సంగతే వస్తోందట. పెళ్లిళ్ల సీజన్ మొదలయ్యేలోపు అంతా తుడిచేసి కొత్తది ఎక్కించమని నితీశ్ చెప్పాడట. కంప్యూటర్ కొత్తదానికి సరిపోతుందో లేదో సుభాష్ పరీక్ష పెట్టి చూస్తే పచ్చ గుర్తు వచ్చింది. అయినా అతనికి అనుమానం తీరలేదు. ఎంబ్రాయిడరీ ప్రోగ్రాం సంగతి నాకు తెలిసి ఉంటుందని అడగడానికి వచ్చాడు.

తెలియకేం. ఆ ప్రోగ్రాంకు బొటనవేలంత తాళం ఒకటుంది. కంప్యూటర్‌కు అది గుచ్చి ఉంటేనే డిజైన్ తెరుచుకుంటుంది, తెరుచుకుంటేనే తీగ గుండా మిషిన్‌కు పోతుంది. మా మిషిన్ పాతది, పెన్‌డ్రైవ్ గిన్‌డ్రైవ్ తీసుకోదు. తాళం చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. కొత్త విండోస్ మీద అది నడవదని మారోతి బతికున్నప్పుడే కనుక్కున్నాడు. పచ్చ గుర్తు వచ్చింది కంప్యూటర్‌కే. అందులో ఉన్న ప్రోగ్రాములన్నీ నడుస్తాయని ఆ గుర్తు ఎవరికీ మాట ఇవ్వలేదు. ఇదంతా సుభాష్‌కు వివరంగా చెప్పాను.

సుభాష్ హమ్మయ్య అనుకున్నాడు. తనే వెళ్లి నితీశ్‌కు చెబుతానన్నాడు. సుభాష్ చెబితే నితీశ్ వింటాడు. బయటి మనుషుల మాటంటే వాడికి గురి. సుభాష్ లేచి చెప్పుల్లో కాళ్లు పెడుతుండగా నాకు తలపాగా రంగు కారిన మొహం గుర్తొచ్చింది.

“నువ్వు చెప్పకు తమ్మీ,” అన్నాను. “ఇంటి మనిషిని, నేనే అచ్చి చెప్త.”

అతనికేమీ అర్థం కాలేదు, సరేనన్నాడు. ఏది తుడిచినా ముందు ఒక నకలు తీసి పెట్టుకోవడం అతని అలవాటు. నా డిజైన్ల నకలు ఒకటి నాకూ ఇమ్మన్నాను. నావే కదా అన్నాడు.

దుకాణం నిండా గిరాకీ ఉన్న సమయం చూసుకుని వెళ్లాను. అత్త గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. నేను గొంతు పెంచలేదు, తగ్గించలేదు. అందరికీ వినబడేలా చెప్పాను.

“నితీశ్, కొత్త విండోస్ ఎక్కియ్యకు. తాళం పని చెయ్యదు, మిషిన్ ఆగుతది. ముందుగాల ఇంకో కంప్యూటర్ల పెట్టి చూడు. అండ్ల నడిస్తెనే ఇండ్ల ఎక్కియ్యి.”

ఇందులో ఒక్క అబద్ధముందా? చెప్పండి. ఇంతకంటే మంచి సలహా నాందేడ్ జిల్లాలో ఎవరూ ఇవ్వలేరు.

నితీశ్ గిరాకీల వైపు తిరిగి నవ్వాడు. “చూసిండ్రా? మేం ముందుకు పోతె మా వదినకు కడుపుమంట. కంప్యూటరే సై అన్నది, నడుమల నువ్వెవ్వరు?”

పొయ్యిలో ఇంకో కట్టె వేశాను. “మీ అన్న ఉంటె చెయ్యనిచ్చెటోడు కాదు,” అన్నాను.

అంతే. మొహం ఎర్రబడింది. ఆ పని ఇవాళే కావాలని సుభాష్‌కు అక్కడికక్కడే ఫోన్ చేశాడు. నాకెంత సంతోషమైందో చెప్పకూడదు, కానీ చెబుతున్నాను. పండగనాడు కూడా అంత సంతోషం ఎరగను. వెనక్కి తిరిగితే అత్త చూపు నితీశ్ మీద లేదు, నా మొహం మీద ఉంది. శుక్లాలు పట్టిన కళ్లు, ఏం కనబడుతుందిలే అనుకుని మెట్లు దిగాను.

కొత్త విండోస్ ఎక్కింది. తెర తళతళలాడింది. తాళం లేదంది. తీశారు, మళ్లీ గుచ్చారు, ఊది గుచ్చారు, లేదనే అంది. మిషిన్ సూది పైకెత్తినది ఎత్తినట్టే ఉండిపోయింది. ఆ పక్కనే దెగ్లూర్ నుంచి వచ్చిన జాకెట్టు గుడ్డల కట్ట ఉంది. శుభాంగి చెల్లెలి పెళ్లి, పుట్టింటి ఆడవాళ్లందరికీ నెమలి జాకెట్లు. అక్క దుకాణంలోనే కుట్టిస్తామని వాళ్లు ఊరంతా చెప్పుకున్నారట.

పాత విండోస్ మళ్లీ ఎక్కిస్తే అంతా ఎప్పటిలాగే నడుస్తుందని సుభాష్ చెప్పాడు. చెప్పి ఊరుకుంటే బాగుండేది. రూపాలక్క చెప్పిందే నిజమైందని కూడా అన్నాడు. దాంతో నితీశ్‌కు పుండు మీద కారం చల్లినట్టయింది. నాకు కబురు తెలిసి మళ్లీ వెళ్లాను. అబద్ధమెందుకు, చూసి ఆనందించడానికే వెళ్లాను. వెళ్లిన దాన్ని మంచే చెప్పాను.

“పాతదే ఎక్కియ్యి నితీశ్. మిషిన్ మంచిగున్నది, తాళం మంచిగున్నది. ఎవ్వలకన్న అమ్మేవు, పాపం.”

ఆ వారంలోనే అమ్మేశాడు. అప్పు తీసుకుని కొత్త మిషిన్ తెచ్చాడు. పాతది, దాని తీగ, తీగకు రబ్బరుతో కట్టి ఉన్న తాళం, అన్నీ కలిపి భంగారుకు వేశాడు, అదే, పాత ఇనుము కొట్టుకు. మా ఇత్వారాలో సంగప్పది భంగారు దుకాణం, మా గదికి దగ్గరే. అలాంటి మిషిన్ వస్తే సుత్తె తగలనివ్వకని సంగప్పకు నేను ముందే చెప్పి ఉంచాను. వచ్చింది. పూసలు గుచ్చి దాచుకున్నదంతా ఇచ్చి ఇంటికి తెచ్చుకున్నాను.

సుభాష్ ఎవరో వద్దని పారేసిన పాత కంప్యూటర్ ఒకటి తెచ్చాడు. అందులో పాత విండోసే ఉంది. దీనికి నెట్ తగిలించకూడదని, ఈ ఒక్క పనికే ఉంచుకోవాలని మరీ మరీ చెప్పాడు. సరేనని తలూపాను. మంచి మాట ఎవరు చెప్పినా నేను వింటాను, నాకు ఆ రోగం లేదు. తాళం గుచ్చితే దాని చిన్న దీపం వెలిగింది. నా డిజైన్లు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. సూది కదిలి నెమలి మెడ వంపు తిరుగుతుంటే ఏడుపొచ్చింది. మారోతి పోయిననాడు కూడా నలుగురి మధ్య సరిగా ఏడవలేదు. ఆ రోజు తలుపేసుకుని ఏడ్చాను.

మర్నాడు బోర్డు రాయించాను. ‘రూపాలి మారోతి ఎంబ్రాయిడరీ.’ ఇత్వారా ఏమీ పెద్ద బజారు కాదు, కానీ నెమలి వచ్చిందని ఆడవాళ్లకు తెలిసిపోయింది. వజీరాబాద్‌లో కొత్త మిషిన్ నిండా గులాబీ పూలే ఉన్నాయట. నెమలి లేదట, తాళం లేనిదే అది తెరుచుకోదు కదా.

ఎవరో ఒకరు వస్తారని తెలుసు. అత్త వచ్చింది. చంకలో దెగ్లూర్ గుడ్డల కట్ట. బోర్డు కింద నిలబడి, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి లోపలికొచ్చింది. శుభాంగికి మొహం చెల్లక తనను పంపిందని, పుట్టింటివాళ్లు నెమలే కావాలని పట్టుబట్టారని చెప్పింది. ఎన్ని రోజులుగా దాచుకున్నానో ఆ మాట. తిరిగి ఆమె చేతిలోనే పెట్టాను.

“నాదేమున్నది అత్తా అండ్ల? మిషిన్ కుడుతది.”

అత్త కొంగుతో మొహం తుడుచుకుంది. కోపం రాలేదు ఆమెకు. నాకది నచ్చలేదు. ఆమెకు కోపం వస్తే ఇంకా అనాల్సినవి నా దగ్గర చాలా ఉన్నాయి.

“నువ్వు వద్దంటె వాడు చేస్తడని నీకు ఎరుకే గదనే,” అంది.

ఊరంతా నాదే నిజమంటోంది. పట్టుకున్నది ఈ ముసలమ్మ ఒక్కతే. ఎరుకే అన్నాను.

“నాకు గుడ ఎరుకే. ఆనాడు స్టూలు మీద కూసోని నీ మొకమే చూసిన. నేనొక్క మాటంటె వాడు ఆగెటోడు.”

“మరెందుకు అనలే?”

అత్త గుమ్మం వైపు, బోర్డు ఉన్న వైపు చూసింది. “నీ పేరు తీస్తుంటె నాకేమనిపియ్యలే. అబద్ధమెందుకు. బోర్డు దించి గోడకు బెట్టినంక చూసిన. నా కొడుకు పేరు గుడ ఉండె అండ్ల.”

అత్త మిషిన్ దగ్గరికి వెళ్లింది. కొన్ననాడు మారోతి పెట్టిన పసుపు సందుల్లో ఇంకా కొంచెం ఉంది. ఆమె వేలు అక్కడే ఆగింది. ఆమె కోసం దాచిపెట్టుకున్న మిగతా మాటలన్నీ నా నోట్లోనే ఉండిపోయాయి. స్టూలు జరిపి కూర్చోమన్నాను, చాయ్ పెట్టాను.

అలాగని పగ తీరిపోయిందనుకోకండి. అత్త మీదిది సగం చల్లారింది, మరిది మీదిది అలాగే ఉంది. దెగ్లూర్ కట్ట తీసుకుని అన్ని కట్టలకన్నా అడుగున పెట్టాను. పెళ్లిలోపు అవుతుందా అని అత్త అడిగింది. నితీశ్ వచ్చి, బోర్డు కింద నిలబడి, నోరు తెరిచి నన్ను అడిగితే అవుతుందన్నాను.

అత్త చాయ్ గ్లాసు కింద పెట్టి, వాడు చచ్చినా రాడని పెదవి విరిచింది.

“రూపాలి రావద్దన్నదని చెప్పు అత్తా,” అన్నాను. “అస్తడు.”

అత్త నా వైపు చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ నవ్వు ఆగలేదు.