చుక్కలు తుడిచే చెయ్యి

పొద్దున్నుంచి అది నాలుగో గొట్టం. ఆమె నడుం పట్టేసింది. సిరంజితో సబ్బునీళ్ళు ఎక్కిస్తుంటే అటు చివర ఇంకా ఎర్రగానే వస్తున్నాయి. లయ తప్పిన గుండెలోకి తొడ దగ్గర రక్తనాళం గుండా పంపే గొట్టాలవి. ఒకదాని కొనకు అల్ట్రాసౌండ్ కన్ను ఉంటుంది. అది గుండె లోపలిని తెరమీద చూపిస్తుంటే, డాక్టరు ఇంకో గొట్టంతో తప్పుగా కొట్టుకునే చోటును కాలుస్తాడు.

కన్నున్న గొట్టం ఖరీదు ఆమె రెండేళ్ళ జీతం. అందుకని కడిగి మళ్ళీ వాడతారు. వాడిన ప్రతిసారీ పిడి మీద ఒక సిరా చుక్క పెట్టాలి, మూడు పడితే పారెయ్యాలి అని గోడమీద కాగితం అంటించారు. కాగితానికేం, ఎన్నయినా చెబుతుంది. మూడు పడగానే స్పిరిట్‌తో తుడిచెయ్యమంటాడు స్టోరు ఇన్‌చార్జి. నాలుగేళ్ళుగా ఆమె తుడుస్తూనే ఉంది.

ఈ రోజు మాత్రం ఒళ్ళు మండిపోతోంది. పొద్దున మరిదికి ఈ ఆపరేషనే అయింది. సూపర్‌వైజరు కదా, ఖర్చంతా కంపెనీదే. సీలు తీయని కొత్త గొట్టం వాడారు. అన్నదమ్ములిద్దరికీ ఒకటే జబ్బు. మూటలు మోసే ఆమె మొగుడు ఉచిత వార్డులో ఐదో మంచం, రేపు అతని వంతు.

కారిడార్‌లో తోటికోడలు ఎదురై, "మాకు కొత్తది వాడారక్కా. బావగారికి ఏది వాడతారో కనుక్కో," అని నవ్వింది. అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు అన్నట్టయింది. మరిది గండం గడిచిందన్న సంతోషం వెతుక్కున్నా ఆమెకు దొరకలేదు.

ఇన్‌చార్జి మూడు చుక్కల గొట్టం తెచ్చి ముందు పెట్టాడు. "ఇది తుడిచెయ్యమ్మా. రేపు ఐదో మంచానికి."

"ఐదో మంచం మా ఆయన సార్."

"అయితే?"

"అయితే ఏంటి సార్! ఇవి మూడు కావు, పన్నెండు. బొమ్మ మసకేస్తోందని మొన్న డాక్టరుగారు కసురుకుంది దీన్నే. తమ్ముడికి కొత్తదీ, అన్నకి ఇదీనా? నేను తుడవను."

అతను తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "సరే, అరవకు. మీ ఆయనకి కొత్తది ఇప్పిస్తా. దీన్ని తుడిచి ఆరో మంచానికి పెట్టు."

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఇప్పుడు చూడాలి ఆ తోటికోడలి మొహం! చేతులు సరిగా తుడుచుకోకుండానే వార్డుకు పరుగెత్తి, ముందు మొగుడి చెవిన వేసింది.

పక్కన ఆరో మంచం అతని పెళ్ళాం, బట్టలు ఇస్త్రీ చేసే ఆవిడ, విననే విన్నది. "మీకు కొత్తదటగా అక్కా! పెట్టి పుట్టారు. మా ఆయనకీ కొత్తదేనా?" అంది. మూతి నవ్వుతోంది గానీ కళ్ళు మండుతున్నాయి. ఆ మంట ఈమెకు కొత్తేం కాదు, పొద్దున్నుంచీ పడుతున్నదే.

కొత్తదే అంటే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా.

"కాదమ్మా," అంది. "పన్నెండుసార్లు వాడింది. చుక్కలు తుడిచింది నేనే. ఇక తుడవను. మీరూ వద్దనండి."

మంచాల మీది తలలన్నీ ఇటు తిరిగాయి. మొగుడు ఆమె చెయ్యి పట్టి గుంజాడు. "నోరు ముయ్యవే, మన కొత్తది పోతుంది!"

గుమ్మంలో ఇన్‌చార్జి నిలబడి ఉన్నాడు. అతని చేతిలో సీలు తీయని ప్యాకెట్ ఉంది.