ఫౌంటెన్ చుట్టూ పూలు

దుర్గాభవానిని భర్త వదిలేసి నాలుగేళ్లయింది. అప్పుడు నాగల్‌గిద్ద నుంచి బట్టల సంచి ఒక్కటి పట్టుకుని నారాయణఖేడ్‌కు, అన్న సుధాకర్ ఇంటికి వచ్చింది. వంట, అంట్లు, బట్టలు అన్నీ ఆమే చూసుకునేది. వదిన స్వరూపరాణి ఆమెను ఎన్నడూ తిట్టలేదు. ఎవరైనా వచ్చి అడిగితే మాత్రం ఇంట్లో పనికి ఉంటుందని చెప్పేది. ఆడబిడ్డ అని చెప్పేది కాదు.

ఈ ఎండాకాలం సుధాకర్ ఇంటి ముందు ఫౌంటెన్ కట్టించాడు. నీళ్లు పైకి చిమ్ముతుంటే బాగానే ఉంది గానీ చుట్టూ మట్టి బోసిగా కనిపించేది. వానలు పడ్డాక అక్కడ పూల మొక్కలు పెట్టుకుంటానని దుర్గాభవాని అన్నను అడిగింది. అతను సరేనన్నాడు.

కల్హేర్ అంగడికి పోయి బంతినారు తెచ్చింది. ఇరుగుపొరుగును అడిగి గడ్డిగులాబీ కొమ్మలు, పట్టుకుచ్చుల గింజలు సంపాదించింది. నీళ్ల పక్కన గడ్డిగులాబీ, దాని వెనక బంతి, అన్నిటికీ వెనక ఎర్రగా, ఎత్తుగా పట్టుకుచ్చులు. పొద్దున్నే అక్కడ కూర్చుని కలుపు తీస్తున్నంతసేపూ తాను ఒకరింట్లో పడి ఉన్నానన్న సంగతి మరిచిపోయేది.

పూలు విరగబూశాయి. దారిన పోయేవాళ్లు బండ్లు ఆపి చూసేవారు. స్వరూపరాణి చెల్లెలు వచ్చి, ఇంత చక్కగా ఎవరు పెట్టారని అడిగి, దుర్గాభవాని చేయి పట్టుకుని మెచ్చుకుంది. సుధాకర్ కూతురు సౌందర్యకు త్వరలో చీరల ఫంక్షన్ ఉంది. మొదటి ఫొటో ఆ పూల దగ్గర అత్తతోనే దిగుతానని ఆ పిల్ల అందరి ముందూ అన్నది. స్వరూపరాణి చటుక్కున లేచి లోపలికి వెళ్లింది.

ఫంక్షన్ ఇంకా పదిరోజులు ఉందనగా, ఒక పొద్దున స్వరూపరాణి నీళ్ల క్యాన్ నింపి స్వయంగా తెచ్చి ఇచ్చింది.

"పూల మందు కలిపిన దుర్గా. ఆకులన్నీ తడిసెటట్టు పొయ్యి. ఫంక్షన్ నాటికి ఇంకింత పూస్తయి."

వదిన తన కోసం ఏదైనా తెచ్చి చేతికివ్వడం అదే మొదలు. దుర్గాభవానికి కళ్లు చెమ్మగిల్లాయి. ఒక్క ఆకూ వదలకుండా పోసింది.

నాలుగు రోజులకే ఆకులు పసుపెక్కాయి. నీళ్లు చాలలేదేమోనని ఎక్కువ పోసింది. ఎక్కువయ్యాయేమోనని మానేసింది. ఫంక్షన్ రోజుకు ఫౌంటెన్ చుట్టూ ఎండిన కట్టెలు మిగిలాయి. వాటిని పీకేస్తానంటే వదిన వద్దన్నది, పీకనియ్యలేదు.

చుట్టాలంతా వచ్చి, ఇదేమిటని అడిగారు. స్వరూపరాణి గొంతు తగ్గించకుండానే చెప్పింది. "గామె చెయ్యి పడ్డది ఏది బతికింది? కాపురం బతికిందా?"

అక్షింతల పళ్లెం పట్టుకుని ముందుకొచ్చిన దుర్గాభవాని చేతిలోంచి వదిన చెల్లెలే మెల్లగా దాన్ని తీసుకుంది. సౌందర్య తల వంచుకుని కూర్చుంది. అత్త వైపు చూడలేదు.

మర్నాడు గిన్నెలు తోముతూ దుర్గాభవాని బోరు మోటారు వెనక పడి ఉన్న ఆ క్యాన్ చూసింది. మూత తీస్తే గుప్పున వాసన కొట్టింది. నాగల్‌గిద్దలో కంది చేను గట్ల మీద గడ్డి మాడ్చడానికి కొట్టే మందు అది. ఆమెకు ఆ వాసన బాగా తెలుసు. ఆ పొద్దున ఎందుకు పట్టలేకపోయిందో ఆమెకే అర్థం కాలేదు.

క్యాన్ తీసుకుపోయి అన్న ముందు పెట్టింది. అతను అన్నం తింటున్నాడు.

"అన్నా, ఇండ్ల గడ్డి మందు ఉన్నది. వదిననే కలిపి ఇచ్చింది."

సుధాకర్ ముద్ద నోట్లో పెట్టుకుని నమిలి మింగాడు.

"నాకెర్కనే. మీ వదిన తెమ్మంటె మందు తెచ్చింది నేనే. ఇంట్ల లొల్లి వద్దని ఊకున్న. నువ్వు గూడ ఊకో."

దుర్గాభవాని క్యాన్ మూత బిగించింది. వెళ్లిపోవాలని గడప దాకా వచ్చింది. ఎక్కడికి పోవాలో తోచలేదు. వెనక నుంచి అన్న పెరుగు వెయ్యమన్నాడు. వెళ్లి వేసింది.

ఆ వారంలోనే స్వరూపరాణి పట్నం నుంచి ప్లాస్టిక్ పూలు తెప్పించింది. అరుగు మీద కుర్చీ వేసుకుని కూర్చుని, ఎర్రవి ఎక్కడో, పచ్చవి ఎక్కడో వేలితో చూపించింది. దుర్గాభవాని ఎండిన మొక్కలు పీకి, ఆ గుంతల్లోనే ఒక్కో పూవు ఇనుప తీగ గుచ్చి, మట్టి అదిమింది.

సాయంత్రం సౌందర్య స్నేహితులు ఫొటోలు దిగడానికి వచ్చారు. అడ్డం లేవమని వదిన అంటే, ఆమె చేతులు కడుక్కోకుండానే లేచి లోపలికి వెళ్లింది.